పిల్లల ఊబకాయానికి వాడతో ఏం సంబంధం?

2025 సెప్టెంబరులో యునిసెఫ్ విడుదల చేసిన నివేదిక ఒక కొత్త మాట చెప్పింది. ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో తక్కువ బరువుతో ఉన్నవారికంటే ఊబకాయంతో ఉన్నవారే ఎక్కువయ్యారు. తక్కువ బరువు 9.2 శాతం, ఊబకాయం 9.4 శాతం. ఇలా జరగడం ఇదే మొదటిసారి. పిల్లల చుట్టూ ఎలాంటి తిండి అమ్ముతున్నారు, ఎంతకు అమ్ముతున్నారు, దానికి ఎంత ప్రచారం చేస్తున్నారు అన్నవే ఈ పరిస్థితికి దారితీశాయని ఆ నివేదిక తేల్చింది.

ఈ వార్త వినగానే మన ఉద్యమాల్లో చాలామంది అనే మాట ఒకటుంది: "అది డబ్బున్నోళ్ల పిల్లల రోగం. మన పిల్లలకు ముందు కడుపు నిండాలి." ఆ మాటలో నిజం ఉంది. దళిత వాడల్లో పిల్లల ఆకలి ఇంకా తీరలేదు. అయితే ఆకలి తీరని చోటే ఇప్పుడు ఊబకాయం కూడా అడుగుపెడుతోంది. ఈ రెండింటినీ కలిపేది ఆ బిడ్డ పుట్టిన చోటు. ఆ చోటును నిర్ణయించింది కులం. వాడ పిల్లల ఒంటిని ఎలా మారుస్తుందో, దాన్ని మార్చాలంటే ఎవరిని ఏం అడగాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు లెక్కలు

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మందికి వయసుకు తగిన ఎత్తు లేదు. ఎస్సీ పిల్లల్లో ఇది దాదాపు 39 శాతం. ఇది పాత గాయం. అదే సర్వేలో అధిక బరువున్న పిల్లలు 3.4 శాతం. అంతకుముందు 2015-16 సర్వేలో వాళ్లు 2.1 శాతమే. అంకె చిన్నదిగానే కనిపిస్తుంది గానీ, నాలుగైదేళ్లలో ఒకటిన్నర రెట్లు దాటింది.

బడి వయసు పిల్లల సంగతి చూస్తే ఈ వేగం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2024లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంచనాల ప్రకారం 1990లో మన దేశంలో 5 నుంచి 19 ఏళ్ల మధ్య ఊబకాయం ఉన్నవారు సుమారు 4 లక్షలు. 2022 నాటికి వాళ్లు 1.25 కోట్లు. 2016-18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వే అయితే ఇంకో విషయం బయటపెట్టింది. బడి పిల్లల్లోనూ కౌమార వయసువారిలోనూ పది మందిలో ఒకరికి మధుమేహానికి ముందు దశ కనిపించింది. వాళ్లలో చాలామంది చూడడానికి లావుగా ఉండరు.

ఇవాళ్టికీ మన దేశంలో అధిక బరువు నగరాల్లో, కాస్త కలిగిన ఇళ్లలోనే ఎక్కువ. అందులో దాచాల్సిందేమీ లేదు. కానీ ధనిక దేశాల్లో ఏం జరిగిందో గమనించాలి. అక్కడ కూడా ఒకప్పుడు లావు కలిగినవాళ్ల లక్షణం. చవక నూనె, చవక చక్కెర, ప్యాకెట్ తిండి ఊరూరా చేరాక పరిస్థితి తలకిందులైంది. కలిగినవాళ్లు పండ్లు, జిమ్ములు, పార్కులు కొనుక్కుని బయటపడ్డారు. పేదల పిల్లలు, నల్లజాతి పిల్లలు ఆ ఉచ్చులో మిగిలిపోయారు. మన వాడలు ఆ మలుపు దగ్గరే ఉన్నాయి. రోగం పూర్తిగా దిగాక మేలుకుంటే డయాలసిస్ కేంద్రం కోసం ధర్నా చేయాల్సి వస్తుంది.

ఆకలీ ఊబకాయమూ తోబుట్టువులే

ఒకే వాడలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, బక్కచిక్కిన బిడ్డా బొద్దుగా ఉన్న బిడ్డా ఎలా ఉంటారు? దీనికి జవాబు పుణె దగ్గరి పల్లెల్లో దొరికింది. డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడ పుట్టిన పసికందులను ఇంగ్లండ్‌లో పుట్టిన పసికందులతో పోల్చి చూసింది. మన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ చాలా తక్కువ. కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనిపించే ఒంట్లోనే కొవ్వు పాలు ఎక్కువ.

కడుపుతో ఉన్న తల్లికి సరైన తిండి లేనప్పుడు లోపలి బిడ్డ ఒళ్లు కరువుకు సిద్ధపడుతుంది. కండ పెంచుకోవడం తగ్గించి, ఉన్న శక్తిని కొవ్వుగా దాచుకుంటుంది. అలా పుట్టిన బిడ్డ పెరిగేటప్పుడు పప్పు, గుడ్డు, కూరగాయలు దొరక్క, తెల్లన్నం, బిస్కెట్లు, నూనెలో వేయించిన చిరుతిళ్లు దొరికితే ఆ శక్తి కండగా మారదు. పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకే మన దగ్గర తక్కువ బరువుకే మధుమేహం వస్తోంది. నాన్నమ్మ తరం తిన్న పస్తు మనవడి షుగర్‌లో బయటపడుతోంది.

కాబట్టి ఆకలి మీద పోరాటం, ఊబకాయం మీద పోరాటం వేరువేరు కావు. బిడ్డకు అందిన తిండి ఎంత అనే ప్రశ్న ఎంత ముఖ్యమో, అది ఏ తిండి అనే ప్రశ్నా అంతే ముఖ్యం.

వాడను ఎవరు గీశారు?

పరిసరాలు అనే మాట వినడానికి తటస్థంగా ఉంటుంది. చెట్లు, రోడ్లు, కొట్లు, మైదానాలు. కానీ ఎవరి ఇల్లు ఎక్కడ ఉండాలో మన దేశంలో ఎవరూ చీటీలు వేసి తేల్చలేదు. ఊరికి ఒక పక్క వాడ, మురుగు పారే వైపు, పల్లపు నేల. ఊళ్లో బడి, చెరువు, రచ్చబండ. నగరానికి వెళ్తే కులం కరిగిపోతుందని అంబేడ్కర్ కాలం నుంచీ మనకు ఒక ఆశ ఉంది. ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు. 2001 జనాభా లెక్కల ఆధారంగా ట్రీనా వితయత్తిల్, గాయత్రి సింగ్ దేశంలోని ఏడు పెద్ద నగరాలను పరిశీలించారు. ఆస్తిపాస్తుల తేడాకంటే కులం తేడాతోనే మనుషులు ఎక్కువగా విడివిడిగా నివసిస్తున్నారని తేల్చారు. ఆ ఏడింటిలో హైదరాబాద్ ఒకటి.

ఆ తర్వాత ఆర్థికవేత్తల బృందం ఒకటి దేశవ్యాప్తంగా దాదాపు 15 లక్షల చిన్న చిన్న నివాస ప్రాంతాల లెక్క తీసింది. ఎస్సీలు, ముస్లింలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో బడులు, ఆసుపత్రులు, నీళ్లు, మురుగు కాలువల వంటి ప్రభుత్వ సదుపాయాలు తక్కువని తేలింది. ఇందులో మనకు ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. జిల్లా సగటు, నగరం సగటు చూస్తే ఈ తేడా కనిపించదు. నగరం లోపలికి, వాడ దాకా దిగి చూస్తేనే బయటపడుతుంది. మన అధికారులు మాట్లాడేదంతా జిల్లా సగటుల్లోనే. మన పిల్లలు బతికేది వాడల్లో.

ఇలాంటి గీత గీసింది మనవాళ్లొక్కరే కాదు. అమెరికాలో 1930ల్లో ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలకు రంగులు వేసింది. నల్లజాతివాళ్లు ఉండే వీధులకు ఎర్ర రంగు వేసి, అక్కడ ఇళ్లకు అప్పులివ్వడం ప్రమాదమని ముద్ర కొట్టింది. 1968లో చట్టం ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించింది. అయినా ఆ గీత చెరగలేదు. 2020లో 108 నగరాలను పరిశీలిస్తే, ఒకప్పుడు ఎర్ర రంగు వేసిన పేటలు మిగతా వాటికంటే సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉన్నాయని తేలింది. అక్కడ చెట్లు తక్కువ, తారు, సిమెంటు ఎక్కువ. మంచి తిండి దొరకని ఇలాంటి పేటలను అక్కడి పరిశోధకులు 'ఆహార ఎడారులు' అనేవారు. న్యూయార్క్‌లో నగర సేద్యం చేసే నల్లజాతి ఉద్యమకారిణి కరెన్ వాషింగ్టన్ ఆ మాటను ఒప్పుకోలేదు. ఎడారి ప్రకృతి చేసింది, ఇది మనుషులు చేసింది, కాబట్టి దీన్ని 'ఆహార వర్ణవివక్ష' అనాలని వాదించారు. మనకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

వాడ ఒంట్లోకి ఎలా దిగుతుంది?

*కొట్టు.* ఏ బస్తీలోనైనా చిన్న కిరాణా కొట్టు ముందు నిలబడి పైకి చూడండి. రంగురంగుల ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి. "అమ్మా, ఐదు రూపాయలియ్యవే" అని బిడ్డ అడిగితే, ఆ ఐదు రూపాయలకు గుడ్డు రాదు, అరటిపండు వస్తే వస్తుంది, చిప్స్ ప్యాకెట్ మాత్రం తప్పకుండా వస్తుంది. కొట్టు నడిపే ఆమె వైపు నుంచి చూసినా అంతే. పండు రెండు రోజుల్లో కుళ్లిపోతుంది, ఆకుకూర సాయంత్రానికి వాడిపోతుంది. ప్యాకెట్ నెలల తరబడి నిలవ ఉంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు, కంపెనీ మనిషి సరుకు కొట్టు దగ్గరికే తెచ్చిస్తాడు. శీతల పానీయాల కంపెనీ ఫ్రిజ్ కూడా ఇస్తుంది, అందులో తన సీసాలే పెట్టమంటుంది. బిడ్డ ఎంచుకుంటున్నట్టు కనిపిస్తుంది గానీ, ఆ ఎంపిక వాడలోకి రాకముందే జరిగిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం 2011 నుంచి 2021 వరకు మన దేశంలో అతిగా ప్రాసెస్ చేసిన తిండి అమ్మకాల విలువ ఏటా సగటున 13 శాతానికి పైగా పెరిగింది.

*తల్లి పని వేళలు.* నగరంలో రోడ్లు ఊడ్చే మహిళల్లో అత్యధికులు దళితులు. వాళ్లు తెల్లవారకముందే చీపురు పట్టాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లు పొద్దున్నే నాలుగిళ్లు తిరగాలి. బిడ్డ నిద్రలేచే సరికి తల్లి ఇంట్లో ఉండదు. తలగడ పక్కన పెట్టిన పది రూపాయల నోటే ఆ పూట ఫలహారం. దీన్ని నిర్లక్ష్యం అనేవాళ్లు ఆమె పని వేళలు ఎవరు పెట్టారో చెప్పాలి.

*నీళ్లు.* నల్లా రెండు రోజులకోసారి వచ్చే చోట, వచ్చినా వాసన కొట్టే చోట, నీళ్లు కూడా కొనాల్సిందే. నీళ్ల సీసా ధరకే తీపి పానీయం దొరికితే బిడ్డ దేనికి చెయ్యి చాపుతాడు? 1927లో మహాడ్‌లో చౌదార్ చెరువు దగ్గర అంబేడ్కర్ నడిపిన పోరాటం తాగే నీళ్ల హక్కు కోసం. ఆ హక్కు ఇంటి నల్లా దాకా రాకపోతే చక్కెర నీళ్లు ఆ ఖాళీని నింపుతాయి.

*ఆట స్థలం.* పిల్లలు, కౌమార వయసువారు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎక్కడ ఆడాలి? బస్తీ సందులో రెండు బైకులు ఎదురైతే మనిషి గోడకు అతుక్కోవాలి. పక్క కాలనీ పార్కుకు గేటు ఉంటుంది, కాపలా మనిషి ఉంటాడు, "మీరెక్కడి పిల్లలు?" అనే ప్రశ్న ఉంటుంది. పల్లెలో బడి మైదానం ఊరివైపు ఉంటే వాడ పిల్లలు ఎప్పుడు ఆడాలో ఊరి పిల్లలు తేలుస్తారు. ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. పెద్దమనిషి అయ్యాక బయట ఆడడమే ఆగిపోతుంది. దారిలో దీపం లేకపోవడం, వెకిలి మాటలు, కులం పేరుతో వేధింపులు ఆమెను ఇంట్లోనే కూర్చోబెడతాయి.

*వేడి, నిద్ర.* రేకుల ఇంట్లో ఎండాకాలం రాత్రి నిద్ర పట్టదు. సరిగా నిద్రపోని పిల్లల్లో ఆకలిని అదుపు చేసే హార్మోన్లు దెబ్బతింటాయి, తీపి మీద, ఉప్పు మీద కోరిక పెరుగుతుంది. తక్కువ నిద్రకూ అధిక బరువుకూ సంబంధం ఉందని అనేక దేశాల పరిశోధనలు చెప్పాయి.

*రేషన్.* చౌకధరల దుకాణం మన ప్రాణాలు నిలబెట్టింది, అందులో సందేహం లేదు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. కానీ సంచిలో వచ్చేది ప్రధానంగా బియ్యమే. కంచంలో అన్నం కొండలా, పప్పు పలచగా ఉంటే కడుపు నిండుతుంది గానీ కండ పెరగదు. పేదలకు చవకగా దొరికే మాంసకృత్తుల్లో పశుమాంసం ఒకటి. దాని మీద దాడులు, ఆంక్షలు పెరిగిన కొద్దీ ఆ లోటును ఎవరూ పప్పుతో గానీ గుడ్డుతో గానీ పూడ్చలేదు.

రుజువు ఉందా?

ఉంది. అయితే ఏది ఎంతవరకు రుజువైందో మనం కచ్చితంగా తెలుసుకోవాలి. ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

అమెరికాలో 1994 నుంచి 1998 వరకు ఐదు నగరాల్లో ఒక ప్రయోగం జరిగింది. కడు పేద పేటల్లో ప్రభుత్వ ఇళ్లలో ఉంటున్న 4,498 కుటుంబాలను లాటరీ తీసి విడదీశారు. కొందరికి పేదరికం తక్కువ ఉన్న పేటకు మారడానికి అద్దె సాయం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. పది పదిహేనేళ్ల తర్వాత ఆ ఇళ్లలోని స్త్రీలను పరీక్షించారు. పేట మారే అవకాశం వచ్చినవారిలో తీవ్ర ఊబకాయం, మధుమేహం రెండూ నూటికి నలుగురైదుగురి మేర తక్కువగా ఉన్నాయి. 2011లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. లాటరీ తీశారు కాబట్టి "ఆ మనుషులే అంత" అనే వాదన ఇక్కడ నిలవదు. చోటు మారితే ఒళ్లు మారింది. ఇది తల్లుల మీద తేలిన ఫలితం, పిల్లల మీద కాదు. కానీ ఆ తల్లుల వంటిల్లే పిల్లల వంటిల్లు.

పిల్లల మీద కాలిఫోర్నియాలో తేలిన ఫలితం 2010లో వచ్చింది. బడికి సుమారు 160 మీటర్ల లోపు ఫాస్ట్‌ఫుడ్ దుకాణం ఉంటే తొమ్మిదో తరగతి పిల్లల్లో ఊబకాయం రేటు 5 శాతం ఎక్కువ. అదే దుకాణం 400 మీటర్ల దూరంలో ఉంటే ఆ ప్రభావం కనిపించలేదు. పిల్లవాడి కాళ్లు వెళ్లేంత దూరమే లెక్కలోకి వస్తుందన్నమాట.

అయితే మంచి కొట్టు తెచ్చి పెట్టేస్తే చాలా? చాలదు. అమెరికాలో పేద పేటల్లో కొత్త సూపర్‌మార్కెట్లు తెరిచి చూశారు. జనం కొనే తిండి పెద్దగా మారలేదు. 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, కలిగినవాళ్లకూ పేదలకూ మధ్య తిండి నాణ్యతలో ఉన్న తేడాలో దుకాణాల అందుబాటు వాటా పదో వంతేనని చెప్పింది. చేతిలో డబ్బు, వండే సమయం, చదువు, ఏళ్లుగా పడిన అలవాటు కూడా మారాలి. కాబట్టి పండ్ల బండి ఒకటి వాడలో పెట్టి ఫొటో దిగే నాయకులను మనం నమ్మనక్కర్లేదు. కూలి రేట్లు, పని వేళలు, నీళ్లు, మైదానం, కొట్టు ఇవన్నీ కలిసే పనిచేస్తాయి.

అన్నిటికంటే మనకు దగ్గరి రుజువు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే ఉంది. 1987 నుంచి 1990 వరకు అక్కడి 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. 15 గ్రామాల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీ పథకం కింద రోజూ వండిన ఉప్మా పెట్టారు. మిగతా 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ పరీక్షిస్తే, ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత వాళ్లలో 20 శాతం తక్కువ. రక్తనాళాలు గట్టిపడడం కూడా తక్కువే. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలు ప్రచురించింది. ఒక గ్రామంలో అంగన్‌వాడీ ఉండడం, పక్క గ్రామంలో లేకపోవడం పదిహేనేళ్ల తర్వాత కూడా పిల్లల రక్తంలో కనిపించింది. పరిసరాలు అంటే ఇదే.

మరి ఆ అంగన్‌వాడీ ఎక్కడ ఉంది? 2003లో ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లోని 531 గ్రామాల సర్వే ఆధారంగా సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ రాసిన వ్యాసం ఈ ప్రశ్ననే అడిగింది. మధ్యాహ్న భోజనం, రేషన్ దుకాణం ఆధిపత్య కులాల వీధిలో పెడితే దళిత పిల్లలకు పథకం కాగితం మీదే ఉంటుందని వాళ్లు చూపించారు. పథకం ఉందా అని అడిగి ఊరుకోకుండా, ఏ వీధిలో ఉందని అడగడం మనం అక్కడి నుంచే నేర్చుకోవాలి.

"తినేది వాళ్లే కదా" అనేవాళ్లకు

బిడ్డ లావైతే తల్లిని తిడతారు. సన్నబడితే కూడా తల్లినే తిడతారు. దళిత తల్లి విషయంలో ఈ తిట్టుకు కులం కూడా తోడవుతుంది: "వాళ్ల తిండే అంత." ఒకప్పుడు వాడ తిండిని నీచంగా చూసి, జొన్నరొట్టె, కొర్రన్నం, తునకలు తినేవాళ్లని ఎగతాళి చేసిన సమాజమే ఇప్పుడు అవే చిరుధాన్యాలను మాల్స్‌లో రెట్టింపు ధరకు కొంటోంది. వాడకు మాత్రం నూడుల్స్ ప్యాకెట్ మిగిలింది.

కార్యకర్తలు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఊబకాయం గురించి మాట్లాడేటప్పుడు ఏ బిడ్డనూ వేలెత్తి చూపకూడదు. నలుగురిలో తూకం వేయడం, ఫొటోలు తీయడం, "లడ్డు" అని పేరు పెట్టడం వల్ల ఏ పిల్లవాడూ సన్నబడడు. బడికి రావడం మానేస్తాడు. మన చేతిలో టేపు ఉంటే అది వాడను కొలవాలి గానీ బిడ్డ నడుమును కాదు.

చట్టం మన వైపు ఎంత ఉంది?

రాజ్యాంగం 47వ అధికరణ ప్రజల పోషకాహార స్థాయి పెంచడం రాజ్యం బాధ్యత అంటుంది. 15(2) అధికరణ దుకాణాలు, బావులు, చెరువులు, రోడ్లు, ప్రభుత్వ నిధులతో నడిచే బహిరంగ స్థలాల్లో కులం పేరుతో అడ్డుకోవడాన్ని నిషేధిస్తుంది. ప్రభుత్వ డబ్బుతో నడిచే పార్కు, మైదానం కూడా దీని పరిధిలోకి వస్తాయని మనం వాదించాలి. 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఉమ్మడి వనరులు వాడుకోకుండా అడ్డుకోవడం నేరం. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆట స్థలం ఉండాలంటుంది.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి క్యాంటీన్‌లో గానీ, బడి గేటుకు 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదు. ఈ నిబంధన మంచిదే. కానీ అమలు మొదలైతే ముందు ఎవరి మీద పడుతుందో ఊహించడం కష్టం కాదు. బడి గేటు ముందు తోపుడు బండి పెట్టుకున్న మన అక్కను తరిమేస్తారు. కంపెనీ బోర్డు తగిలించిన దుకాణం అలాగే ఉంటుంది. అందుకే 2014 వీధి వ్యాపారుల చట్టాన్ని కూడా చేతిలో పెట్టుకుని మాట్లాడాలి. బండి ఉండాలి, సరుకు మారాలి. ఉడికించిన గుడ్లు, శనగలు, పల్లీలు, మొక్కజొన్న, జామకాయలు అమ్ముకోవడానికి ఆమెకు పెట్టుబడి సాయం కావాలి.

ఆ డబ్బు ఎక్కడిది అంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఆ నిధులు నేరుగా దళిత వాడలకు మేలు చేసే పనులకే వాడాలి. వాడలో మైదానం, తాగునీటి కేంద్రం, అంగన్‌వాడీ సొంత భవనం కంటే నేరుగా మేలు చేసే పని ఏముంటుంది?

మన బస్తీ లెక్క మనమే తీద్దాం

ఐదారుగురు విద్యార్థులు ఒక ఆదివారం కూర్చుంటే వాడ పటం తయారవుతుంది. ఈ ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు.

1. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు ఎన్ని కొట్లు, బండ్లు ఉన్నాయి? ఐదు రూపాయలకు, పది రూపాయలకు అక్కడ ఏమేం దొరుకుతాయి?
2. గుడ్లు, పప్పు, ఆకుకూర, పండ్లు దొరికే దగ్గరి చోటు ఎన్ని నిమిషాల నడక?
3. నల్లా ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వస్తుంది? బడిలో తాగే నీళ్లు ఉన్నాయా?
4. దగ్గరి మైదానం ఎక్కడ? సాయంత్రం ఐదింటికి అక్కడ ఎంతమంది ఆడుతున్నారు, అందులో ఆడపిల్లలు ఎందరు?
5. అంగన్‌వాడీ ఏ వీధిలో ఉంది? సొంత భవనమా, అద్దె గదా? గుడ్డు వారానికి ఎన్నిసార్లు అందుతోంది?
6. తల్లులు పనికి ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి వస్తారు?

ఇవే ప్రశ్నలతో అదే వార్డులోని అపార్ట్‌మెంట్ల కాలనీలో కూడా లెక్క తీయాలి. రెండు పటాలు పక్కపక్కన పెడితే చాలు, ఇంకో ఉపన్యాసం అక్కర్లేదు. ఆపైన పార్కులకు, మైదానాలకు ఏ వీధిలో ఎంత ఖర్చు పెట్టారో మున్సిపాలిటీని సమాచార హక్కు కింద అడగండి. వార్డు మొత్తం అంకె ఇస్తే ఒప్పుకోవద్దు, స్థలాల వారీగా అడగండి.

ఏం అడుగుదాం?

చేసి చూపించినవాళ్లు ఉన్నారు. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. చిలీ 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లని అష్టభుజి ముద్ర తప్పనిసరి చేసింది. వాటిని బడుల్లో అమ్మడాన్ని, పిల్లలకు ప్రచారం చేయడాన్ని ఆపింది. చదవడం రాని అమ్మ కూడా ఆ ముద్రను గుర్తుపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు, రాగిజావ ఇచ్చే పద్ధతి వచ్చింది. ప్రభుత్వాలు మారితే పథకం పేరు మారుతుంది, గుడ్డు మాత్రం పోకుండా కాపలా కాయాల్సింది మనమే. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేస్తున్న దళిత మహిళల సంఘాలు బీడు భూములను సాగులోకి తెచ్చి, జొన్నలతో సొంత రేషన్ వ్యవస్థనే నడిపాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. భూమి చేతిలో ఉంటే వాడ కంచం ఎలా మారుతుందో ఆ మహిళలు చూపించారు.

కాబట్టి మన డిమాండ్లు సూటిగా ఉండాలి. రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, నూనె, చిరుధాన్యాలు ఇవ్వాలి. ప్రతి దళిత వాడలో అంగన్‌వాడీ, ఆడపిల్లలకు వేళలు కేటాయించిన మైదానం, వెలిగే వీధి దీపం ఉండాలి. రోజూ మంచినీళ్లు రావాలి. పారిశుధ్య కార్మికుల పిల్లలకు పొద్దుటి ఫలహారం బడిలోనే పెట్టాలి. ప్యాకెట్ ముందు భాగంలోనే హెచ్చరిక ముద్ర ఉండాలి. సంక్షేమ హాస్టళ్లను అద్దె భవనాల నుంచి ఆట స్థలం ఉన్న సొంత భవనాలకు మార్చాలి.

వచ్చే వార్డు సభకు, గ్రామసభకు ఈ పటాలతో వెళ్లండి. పిల్లలు ఏం తింటున్నారని అధికారి అడిగితే, వాళ్లకు తినడానికి ఏం దొరుకుతోందో, ఆడడానికి ఎక్కడ వీలుందో పటం తెరిచి చూపించండి.